ట్యూనింగ్ చేయిస్తే వారంటీ దక్కుతుందా?

ప్రశ్న: నా కారు 1.5 లీటర్ల టర్బో పెట్రోల్, గేర్‌బాక్స్ రెండు క్లచ్‌ల డీఎస్‌జీ ఆటోమేటిక్, డీక్యూ200 రకం. రెండేళ్ల వారంటీ ఇంకా మిగిలి ఉంది. వారం వారం సూర్యాపేట వెళ్లొస్తుంటాను. 80లో వెళ్తూ లారీని దాటబోతే బండి ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేసే, అంటే దానిలోని ఫైలు మార్చి ట్యూనింగ్ చేసే ఒకాయన 150 హార్స్‌పవర్‌ను 180 దాటిస్తానని, టార్క్‌ను (లాగే బలాన్ని) 250 న్యూటన్ మీటర్ల నుంచి 320కి తీసుకెళ్తానని అంటున్నాడు. సర్వీసుకు ఇచ్చే ముందు పాత ఫైలు వేసిస్తాడట, షోరూం వాళ్లకు తెలియనే తెలియదట. డాలస్‌లో ఉన్న మా బావమరిదేమో ‘ట్యూనింగ్ వల్లే పాడైందని కంపెనీయే నిరూపించాలి, నువ్వు భయపడకు’ అంటున్నాడు. చేయించమంటారా?
– ఎస్.ఆర్., మియాపూర్

జవాబు: వారంటీ ముగిసేదాకా వద్దండీ. ముగిశాక కూడా ఈ గేర్‌బాక్స్‌తో వద్దనే చెబుతాను.

అందరూ ఇంజిన్ తట్టుకుంటుందా అనే అడుగుతారు. మీ బండిలో ముందు చూడాల్సింది గేర్‌బాక్స్. డీక్యూ200కి తయారీదారు పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. మీ ఇంజిన్ షోరూం గేటు దాటిన రోజు నుంచే సరిగ్గా 250 ఇస్తోంది. అంటే ఆ పెట్టె ఇప్పటికే అంచు మీద పనిచేస్తోంది. అందులో రెండు క్లచ్‌లుంటాయి, రెండూ డ్రై క్లచ్‌లే. నూనెలో మునిగి ఉండే క్లచ్‌కైతే వేడి నూనెలోకి పోతుంది. వీటికి ఆ వెసులుబాటు లేదు. కూకట్‌పల్లిలో సాయంత్రం ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకుతూ వెళ్లినప్పుడు సగం పట్టి సగం వదిలే ప్రతిసారీ ఆ క్లచ్‌లు అరుగుతూ, వేడెక్కుతూనే ఉంటాయి. వాటి మీదికి ఇంకో 70 న్యూటన్ మీటర్లు తోలతానంటున్నాడు ఆయన. ఆ 320 అంకె మీకు చెప్పినప్పుడు పక్కనే ఈ 250 అంకె కూడా చెప్పాల్సింది.

ఇక పాత ఫైలు వేసిస్తాననే మాట. ఈసీయూలో ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టే ఫ్లాష్ కౌంటర్ చాలా కార్లలో ఉంటుంది. ట్యూనర్ ఒకసారి రాస్తాడు, పాతది వేయడానికి మళ్లీ రాస్తాడు. ఫైలు పాతదే అయినా లెక్క పాతది కాదు. డీలర్ దగ్గర టెస్టర్ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. తాము రెండుసార్లు అప్‌డేట్ చేసిన బండిలో అంతకంటే ఎక్కువ కనిపిస్తే వాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇంకో తిప్పలుంది. మామూలు సర్వీసులో వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ వేశారనుకోండి, మీరు డబ్బు పోసి వేయించుకున్న మ్యాప్ ఆ పూటకే చెరిగిపోతుంది.

అన్నిటికంటే అసలైన చిక్కు చెబుతాను. గేర్‌బాక్స్ మొరాయించేది మీరు సర్వీసు అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజున కాదు. రాత్రి ఎనిమిదింటికి చౌటుప్పల్ దగ్గర డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి, బండి ఒక్క గేరుకూ పడకుండా నిలబడితే, టోయింగ్ వ్యాను దాన్ని నేరుగా షోరూంకి తీసుకెళ్తుంది. పాత ఫైలు వేసేవాడు అక్కడికి రాడు. మెకట్రానిక్స్ యూనిట్ (గేర్లు, క్లచ్‌లు నడిపే కంట్రోల్ భాగం), క్లచ్ సెట్ కలిసి పోతే బిల్లు లక్షల్లో ఉంటుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మైకో డీజిల్ పంపులు విప్పి బిగించే పనితో ఈ వృత్తిలోకి వచ్చాను. ఇంజిన్‌కి గరిష్ఠంగా ఎంత డీజిల్ పోవాలో హద్దు పెట్టే ఫుల్ లోడ్ స్క్రూకి తీగ చుట్టి సీసం ముద్ర వేసి ఉండేది. లారీ ఘాట్ ఎక్కడం లేదు, కాస్త డీజిల్ పెంచమని ఓనర్లు బతిమాలేవాళ్లు. ముద్ర తెంపి అర చుట్టు తిప్పితే బండి నిజంగానే లాగేది. పొగ గొట్టం నుంచి నల్లగా వచ్చేది. కొన్నాళ్లకు అదే లారీ పిస్టన్ కరిగి మళ్లీ మా షెడ్డుకే వచ్చేది. పంపు కంపెనీ మనిషి మొదట చూసేది ఆ ముద్రనే. ఇప్పుడు ముద్ర ఈసీయూ లోపలికి వెళ్లిపోయింది, మొదట చూసేది మాత్రం ఇప్పటికీ దాన్నే.

మీ బావమరిది గారు చెప్పింది అమెరికా సంగతి. అక్కడ 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ ఎత్తేయడానికి అక్కడ వీల్లేదు. కానీ ఆ పార్టు వల్లే చెడిపోయిందని తేలితే అక్కడా ఖర్చు యజమానిదే. 250 హద్దున్న పెట్టెలోకి 320 పంపితే తేల్చడం ఎంతసేపు? మన దగ్గర ముందు చూసేది మీ వారంటీ పుస్తకంలో రాసి ఉన్న షరతులే, వాటిలో ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పుల గురించి ఏముందో ఇవాళే తీసి చదవండి. అయితే ఇప్పటికే ట్యూనింగ్ చేయించుకున్న పాఠకులకు ఒక మాట: ఏసీ కంప్రెసర్ పోతేనో, పవర్ విండో పనిచేయకపోతేనో ట్యూనింగ్ సాకు చూపి తిప్పి పంపితే ఊరుకోకండి. కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే హక్కు మీకుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ముందే చెప్పి ఉండాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ఎస్.ఆర్. గారూ, మీకు కావలసింది లారీని భద్రంగా దాటడం. మీ ఇంజిన్ పూర్తి టార్క్ 1600 నుంచి 3500 ఆర్పీఎం మధ్య ఇస్తుంది. 80లో నెమ్మదిగా పోతుంటే గేర్‌బాక్స్ ఏడో గేరులో ఆర్పీఎం కిందికి దించేసి ఉంటుంది. పైగా యాక్సిలరేటర్ మీద బరువు లేనప్పుడు ఈ ఇంజిన్ నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపేస్తుంది కూడా. మీరన్న ‘ఆలోచన’ అదే. లారీ వెనక ఉన్నప్పుడే గేర్ లివర్‌ను ఎస్ (స్పోర్ట్)లోకి లాగండి, లేదా మాన్యువల్‌లో రెండు గేర్లు దించుకోండి. ఎదురు రోడ్డు ఖాళీ అయ్యేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. ఈ ఆదివారం సూర్యాపేట దారిలో ఇలా నడిపి చూసి నాకు రాయండి.

ప్రశ్న: నాది 2015 మోడల్ 1.3 డీజిల్, 75 హార్స్‌పవర్. ఇదే ఇంజిన్ వేరే కార్లలో 90 ఇస్తోంది కాబట్టి రీమ్యాప్‌తో అంత రాబట్టొచ్చని, పనిలో పనిగా ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) కూడా మూసేస్తామని అంటున్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. నష్టమేమైనా ఉందా?
– కె.వి., తెనాలి

జవాబు: ఇంజిన్ దిమ్మ ఒకటే గానీ టర్బో ఒకటి కాదు. 90 ఇచ్చేదానికి రెక్కలు కదిలే వీజీటీ టర్బో ఉంటుంది, మీదానికి స్థిరమైన చిన్న టర్బో. ఫైలు మార్చినంత మాత్రాన టర్బో మారదు. చిన్న టర్బోను హద్దు దాటించి తిప్పితే షాఫ్ట్ అరిగి ఆయిల్ లాగుతుంది. ఈజీఆర్ జోలికి అసలు వెళ్లనివ్వకండి, అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం. వారంటీ అయిపోయినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండనే ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదేళ్ల బండి కదా, ముందు ఇంజెక్టర్లు టెస్ట్ బెంచ్ మీద పెట్టించి చూడండి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల్లో చీలికలున్నాయేమో చేత్తో తడిమి చూడమనండి. పోయిన పికప్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.