తొలి పాత కారు కొనబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాతకాలపు కారు ఒకటి కొని, నీ చేతులతోనే దాన్ని బాగుచేసుకోవాలని నిశ్చయించుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఎలాంటి కారు కొనాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి అని రెండు ప్రశ్నలు అడిగావు. రెండింటికీ నా జవాబు ఒకటే. నీ తొలి కారు భాగాలన్నీ ఉన్నదై, తన చక్రాల మీద తాను కదలగలిగినదై ఉండాలి. బాగుచేస్తున్నంత కాలమూ అది వీలైనంతవరకు ఆ కదిలే స్థితిలోనే ఉండాలి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మధ్యలో ఆగిపోయిన కార్లను నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువభాగం పనితనం లేక ఆగిపోయినవి కావు. ఉత్సాహం పొంగుతున్న మొదటి రోజుల్లోనే యజమాని బానెట్ నుంచి డిక్కీ దాకా అంతా విప్పేస్తాడు. విప్పడం వారాల పని, బిగించడం ఏళ్ళ పని. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తులేని దశ వచ్చేసరికి ఇంటి బాధ్యతలో, సొమ్ము కొరతో అడ్డం పడుతుంది, కారు డబ్బాల్లో ఉండిపోతుంది. అలా డబ్బాల్లోకి చేరిన కార్లు చాలా చౌకగా అమ్మకానికి వస్తాయి. నీవు మాత్రం వాటి జోలికి పోవద్దు. అందులో ఏ భాగం లేదో అమ్మేవాడికే తెలియదు, ఆ కారును ఒక్కసారైనా బిగించి చూడని నీకు అసలే తెలియదు.

ఏ మోడల్ అన్నది నీ ఇష్టం. మనసుకు నచ్చని కారు మీద ఏళ్ళ తరబడి పనిచేయలేవు. అయితే నచ్చినవాటిలో లక్షల సంఖ్యలో తయారైనదాన్ని ఎంచుకో. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003లో ఉత్పత్తి ఆగేనాటికి 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారైంది. పైగా అది గాలితో చల్లబడే ఇంజను కాబట్టి రేడియేటరూ నీటి గొట్టాలూ ఉండవు, ఇంజను గేర్‌బాక్సుకు నాలుగే బిగింపులతో నిలబడి ఉంటుంది. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ పది లక్షలు దాటింది. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు బాడీ మొత్తంగా కొత్తది కూడా దొరుకుతుంది. ఇలాంటి కార్లకు విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి, పుస్తకాలు ఉన్నాయి, అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు. అరుదైన కారు అందంగానే ఉంటుంది, కాని ఒక దీపం అద్దం కోసమో తలుపు అంచు పట్టీ కోసమో నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది. ఇంజను భాగాలకన్నా ఇలాంటి అలంకరణ భాగాలే దొరకడం కష్టమని గుర్తుంచుకొని, కొనేటప్పుడే అవన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకో.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, తుప్పు. కొత్తగా కొనేవాళ్ళు ఇంజను శబ్దం వింటారు, రంగు మెరుపు చూస్తారు. అనుభవమున్నవాళ్ళు మొదట కారు కిందికి దూరతారు. ఇంజనును విప్పి, అరిగినవి మార్చి, తిరిగి కూర్చవచ్చు. దాని ఖర్చు ముందుగానే ఇంచుమించు అంచనా వేయవచ్చు. తుప్పు ఖర్చును అలా అంచనా వేయలేము. కంటికి అరచేతి మేర కనిపించిన తుప్పును కోసి చూస్తే లోపల మూరెడు ఉంటుంది, ఎందుకంటే రేకు చాలాచోట్ల లోపలి వైపు నుంచి తినబడుతూ వచ్చి చివరకు రంగు కింద బుడగలుగా బయటపడుతుంది. పైగా విడిగా చాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, లేని కార్లలో ఆ రేకులే బరువు మోస్తాయి. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పొడవుగా ఉండే పెట్టెలాంటి భాగం, నేల రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే చోట్లు ఇవి పాడైతే కారు ఎముకలు పాడైనట్టే.

చూడటానికి వెళ్ళేటప్పుడు చిన్న అయస్కాంతం, టార్చిలైటు, మొద్దు స్క్రూడ్రైవరు, పాత బట్టలు తీసుకుని వెళ్ళు. అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి రేకు మీద నడిపితే, పుట్టీ మందంగా పూసిన చోట అది పట్టుకోదు. చక్రాల పైకప్పు అంచులు, తలుపుల అడుగు, ముందు అద్దం కింది మూలలు, బ్యాటరీ కింది పళ్ళెం, స్టెప్నీ గుంట తప్పక చూడు. నీరు నిలిచే చోటల్లా తుప్పు ఉంటుంది, నీరు పోవడానికి వేసిన రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటే మరింత ఉంటుంది. యజమాని అనుమతి తీసుకుని అడుగు రేకును స్క్రూడ్రైవరుతో నొక్కి చూడు. తివాచీ ఎత్తి చూడు. తలుపు తెరిచి కొద్దిగా పైకెత్తు. కదలిక ఉంటే అది కీలుదో, కీలును పట్టుకున్న స్తంభానిదో గమనించు. తలుపు చుట్టూ సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే బాడీ కుంగిందేమోనని, పాత ప్రమాదం ఉందేమోనని అనుమానించు. అమ్మకానికి ముందు అడుగున కొత్తగా పూసిన నల్లని తారులాంటి పూత కనిపిస్తే, దాని కింద ఏముందో తెలిసేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఇంజను విషయంలో, నీవు వెళ్ళేసరికి అది చల్లగా ఉండాలని ముందే చెప్పు. బానెట్ మీద చేయి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను స్టార్టు కావడంలోని ఇబ్బందిని నీకు కనబడకుండా చేశారేమో. లాగుతున్నంతసేపూ నీలిపొగ వస్తే పిస్టన్ రింగులో సిలిండరో అరిగిందని, యాక్సిలరేటరు వదిలి మళ్ళీ నొక్కినప్పుడే వస్తే వాల్వు కాడలను పట్టి ఉంచే గైడ్లు వదులైనాయని అర్థం. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ వస్తూ, ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి పేరుకుడు కనిపిస్తే, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే పట్టీ, దాటి నీరు లోపలికి వస్తున్నదేమో చూడాలి. మూత కింది మీగడ ఒక్కటే అయితే దగ్గర దూరాలే తిరిగిన కారులోనూ ఉంటుంది కాబట్టి దాన్ని బట్టే తీర్పు చెప్పకు. వీలైతే కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండరులో పుట్టే ఒత్తిడి, మీటరుతో చూడు. అంకె ఎంత అన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తక్కువ వచ్చిన సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే, అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. ఇంతచేసీ, బాడీ గట్టిగా ఉండి ఇంజను అరిగిన కారుకూ, ఇంజను బాగుండి బాడీ తినేసిన కారుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే, మొదటిదే కొను.

బాడీ మీద కొట్టిన చాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిపోవాలి. సరిపోకపోతే కారు ఎంత బాగున్నా వదిలేయి. ధర చెల్లించాక కనీసం అంత సొమ్ము నీ చేతిలో మిగిలేలా చూసుకో. ఉన్నదంతా కొనుగోలుకే పెడితే కారు నీదవుతుంది గాని పని నడవదు.

కారు ఇంటికి వచ్చాక పని బ్రేకులతో మొదలుపెట్టు. ఇంజను స్టార్టు చేయాలన్న ఆత్రం సహజమే, కాని ఆగలేని కారుకు కదిలే శక్తి ఇవ్వకూడదు. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే ద్రవమార్గం ఉంటుంది. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడల్ నేలకు దిగిపోతుంది. అందువల్ల రబ్బరు గొట్టాలను పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయి, ఎందుకంటే అవి లోపల ఉబ్బి మూసుకుపోయి చక్రాన్ని పట్టేస్తాయి. చక్రాల సిలిండర్లు కారుతున్నాయేమో చూడు. మామూలు బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ద్రవం వేడికి త్వరగా మరుగుతుంది, అప్పుడు పెడల్ మెత్తబడి బ్రేకు పడదు. కాబట్టి మొత్తం తీసి కొత్తది పోసి, ఆపైన రెండేళ్ళకొకసారి మార్చు. పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని పొడిని గాలితో ఊదవద్దు, పొడి బ్రష్షుతో దులపవద్దు. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయి.

టైర్ల గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, వెంటనే తీసేయి.

తరువాత ఇంధనం. ఏళ్ళ తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి కార్బొరేటరు సన్నని రంధ్రాలను మూసేస్తుంది, కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి, లోపలి తుప్పు చూసి, ఫిల్టరు మార్చిన తరువాతే స్టార్టుకు ప్రయత్నించు. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాతకాలపు రబ్బరును మెత్తబరిచి చీలుస్తుంది. ఇంజను వేడి మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చు. కార్లకు సీసం కలిపిన పెట్రోలు 2021 నాటికి ప్రపంచమంతటా ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇనుప హెడ్లలో వాల్వు కూర్చునే చోటును అరుగుదల నుంచి కాపాడేది. అందుకని హెడ్ విప్పవలసి వచ్చినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించు. అంతవరకు మోస్తరు వేగంతో నడిపితే చాలు, దానికోసమే బాగున్న హెడ్‌ను విప్పవద్దు. చాలాకాలం ఆగిన ఇంజనును స్టార్టరుతో తిప్పకు. ప్లగ్గులు తీసి, రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పు. పట్టేసినదాన్ని బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి.

కరెంటు పని గురించి క్లుప్తంగా చెబుతాను. దీపాలు మసకగా వెలిగినా, ఒకటి వేస్తే మరొకటి వెలిగినా, ముందు ఎర్త్ బిగింపులు, అంటే కరెంటు వైర్లను కారు బాడీకి కలిపే చోట్లు, విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించు. సగం రోగాలు అక్కడే పోతాయి. బ్యాటరీ పెట్టే ముందు ఎర్త్ ఏ వైపో పుస్తకంలో చూడు, 1960ల దాకా అనేక బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపేది పాజిటివ్ వైరు.

పని చేసేటప్పుడు ఒకసారికి ఒకే విభాగాన్ని విప్పి, అది బిగించాకే మరొకటి ముట్టుకో. విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయి, బోల్టులను విడివిడి సంచుల్లో వేసి, ఎక్కడివో ఏ రోజువో రాసిపెట్టు. పనికిరాదనుకున్న పాత భాగాన్ని కొత్తది అమరేదాకా పారేయకు. కొత్తది ఎలా ఉండాలో చెప్పేది అదే. రాని బోల్టు మీద బలం చూపకుండా, తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచు. కొలత సరిపోని స్పానరుతో తలలు అరగదీయకుండా, నీ కారుకు అంగుళాల స్పానర్లు కావాలో మిల్లీమీటర్లవి కావాలో ముందే తెలుసుకో.

తుప్పుపట్టిన రేకు కోసి వెల్డింగ్ చేయడం పాత రేకు ముక్కల మీద నేర్చుకున్నాకే కారు మీదికి రా. తలుపుల కింది పెట్టె భాగాన్ని కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి, రెండు వైపులా ఒకేసారి కోయకుండా ఒకటి పూర్తిచేశాక రెండోది మొదలుపెట్టాలి. లేకపోతే బాడీ కుంగి, ఆ తరువాత ఏం చేసినా తలుపు పడదు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు విడదీయి, దగ్గరలో ట్యాంకూ పెట్రోలు గొట్టాలూ ఉంటే తీసి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం. జాకీ మీదే నిలిచిన కారు కిందికి ఎన్నడూ దూరవద్దు, ఒక్క నిమిషం పనికైనా సరే; స్టాండ్లు పెట్టి, నేల మీద మిగిలిన చక్రాలకు అడ్డు వేసి, కారును చేత్తో కుదిపి చూసిన తరువాతే కిందికి వెళ్ళు. ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వమని అడుగుతున్నాను.

రంగు అన్నిటికన్నా చివర. గట్టిపడటానికి హార్డనర్ కలిపి కొట్టే రంగుల్లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలవు, మామూలు మాస్కు వాటిని ఆపలేదు. ఆ పని తగిన గదీ, బయటి నుంచి గాలి అందించే మాస్కూ ఉన్నవారికి అప్పగించు. సీట్ల పాత తోలు చిరగకుండా ఉంటే శుభ్రం చేసి అలాగే ఉంచు. మొదట్లో తిప్పేటప్పుడు ఇంటికి దగ్గరలోనే తిప్పి, వచ్చిన ప్రతిసారీ చక్రాల నట్లు, ఆయిల్, నీరు, బ్రేకు ద్రవం చూసుకుని, కారు ఆగిన చోట నేల మీద చుక్కలు పడ్డాయేమో గమనించు.

కారు కుదిరినట్టనిపిస్తే బేరం ముగించే ముందు నాకు ఫోటోలు పంపు. ముందు నుంచి మెరుస్తూ కనిపించేవి నాకు అక్కరలేదు. అడుగు భాగానివి, తివాచీ ఎత్తిన నేలవి, స్టెప్నీ గుంటవి, చాసిస్ నంబరుది పంపు. చూసి నా అభిప్రాయం వెంటనే రాస్తాను.

ఆశీర్వచనాలతో,
నీ పెదనాన్న