రెండు మానిటర్ల బల్ల చేయిస్తున్నారా? వెనక వైపు నుంచి మొదలుపెట్టండి

పాలకొల్లు దగ్గర ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాననీ, రెండు 27 అంగుళాల మానిటర్లు పెట్టిన రెడీమేడ్ బల్ల వానాకాలం రాగానే ఉబ్బి మధ్యలో కుంగిందనీ రాశారు. మేస్త్రి చేత చేయించుకుంటే ఏ కర్ర వాడాలి, ఏ కొలతలు చెప్పాలి, పైన గాజు వేయించాలా అన్నవి మీ ప్రశ్నలు. నేనుండేది అంబాజీపేట వైపు. నాదీ మీలాంటి ఉద్యోగమే, మీలాంటి రెండు తెరలే. లాక్‌డౌన్‌లో ఊరొచ్చేశాక చేయించుకున్న బల్ల మీదే ఇప్పటికీ పని చేస్తున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక్క మాట. ఈ బల్ల గురించి వెనక వైపు నుంచి ఆలోచించడం మొదలుపెట్టండి. బల్ల అనగానే మనకి పొడవెంత, సొరుగులెన్ని, మైకా ఏ రంగు అన్నవే తడతాయి. కానీ రెండు మానిటర్ల బల్లకి బరువంతా పడేది వెనక అంచు మీద. వైర్లన్నీ దిగేది అక్కడే. గోడ చెమ్మ తగిలేదీ అక్కడే. ఆ అంచు సరిగ్గా కుదిరితే మిగతా బల్లని మేస్త్రి గారు కళ్ళు మూసుకుని చేసేస్తారు.

27 అంగుళాల మానిటరు స్టాండు తీసేస్తే సుమారు నాలుగైదు కిలోలుంటుంది. రెండు మానిటర్లు, వాటిని పట్టుకునే ఆర్మ్ కలిపి 12 నుంచి 15 కిలోలు అనుకోండి. అంత బరువూ ఆర్మ్‌ని బల్ల అంచుకి బిగించే అరచేయంత క్లాంపు మీదుగా ఒక్క చోట, అదీ బల్ల నడిమధ్యలో, వెనక అంచున దిగుతుంది. రెడీమేడ్ బల్లలు చాలావరకు పార్టికల్ బోర్డువి. చెక్క పొట్టుని జిగురుతో కలిపి అదిమి చేస్తారు. మైకా అంచు ఎక్కడ కాస్త లేచినా లోపలికి తేమ పోయి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బాక మళ్ళీ దగ్గరపడదు. క్లాంపు నొక్కిన చోట పొడి రాలుతుంది. మన డెల్టా గాలికి అది నిలవదు. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని అదిమి చేసే పలక) అయినా అంతే, వద్దు.

కొలతలకి కాగితం మీద లెక్కలు వేయకండి. గదిలో నేల మీద సుద్దముక్కతో బల్ల అసలు సైజు గీసి, మానిటర్లు వచ్చిన అట్టపెట్టెలు అక్కడ నిలబెట్టి, కుర్చీ వేసుకుని కూర్చోండి. 27 అంగుళాల మానిటరు అడ్డంగా సుమారు 24 అంగుళాలుంటుంది. రెండూ పక్కపక్కన పెడితే నాలుగడుగులు అక్కడే అయిపోతాయి. స్పీకరుకీ, నోటుపుస్తకానికీ, కాఫీ గ్లాసుకీ చోటు కావాలి కాబట్టి పొడవు ఐదున్నర అడుగులు పెట్టుకోండి. 24 అంగుళాల తెరలైతే ఐదడుగులు చాలు. వెడల్పు మాత్రం 30 అంగుళాలకి తగ్గనివ్వకండి. తెర కంటికి చేయి చాపినంత దూరంలో ఉండాలి. మామూలుగా చేసే 24 అంగుళాల వెడల్పులో కీబోర్డు పెట్టాక తెర ముఖం మీదకి వచ్చేస్తుంది. రెండు తెరల్నీ సగం తెరిచిన పుస్తకంలా కొంచెం లోపలికి తిప్పుకోవచ్చు. ఎక్కువ సేపు చూసేది ఒకటే అయితే దాన్ని సూటిగా ఎదురుగా పెట్టి, రెండోదాన్ని పక్కకి జరపండి. లేకపోతే రోజంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

ఎత్తు విషయంలో మేస్త్రులందరికీ 30 అంగుళాలు అలవాటు. మీరు కూర్చునే కుర్చీలోనే కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి కింది వరకు కొలిపించండి. ఐదున్నర అడుగుల మనిషికి అది చాలాసార్లు 30 కన్నా తక్కువే తేలుతుంది. బల్ల పైభాగం అక్కడికి రావాలి. రోజుకి తొమ్మిది పది గంటలు కూర్చునేవాళ్ళకి రెండంగుళాల తేడా భుజాల్లో నొప్పిగా తెలుస్తుంది. తెర పై అంచు కంటి ఎత్తుకి గానీ, కొంచెం దిగువకి గానీ ఉండాలి. ఆ సర్దుబాటు ఆర్మ్ చూసుకుంటుంది.

ఇక పైపలక. నా సలహా 18 మి.మీ. బి.డబ్ల్యూ.పి. (మరిగే నీటికీ తట్టుకునే రకం) ప్లైవుడ్, ఐ.ఎస్. 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్నది. షాపులో ‘వాటర్‌ప్రూఫ్ అండీ’ అని ఏదో ఒకటి చూపిస్తారు, పలక మీద ముద్ర మీరే చూసుకోండి. అనుమానముంటే అగ్గిపెట్టంత ముక్క కోయించుకుని ఇంటికి తెచ్చి నీళ్ళలో ఉడికించండి. ఈ రకం ప్లైకి ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగించే పరీక్ష ఉంది. మనకి నాలుగు గంటలు చాలు. రెండు షాపుల ముక్కలు ఒకే గిన్నెలో వేసి చూశాను. ఒకటి మధ్యాహ్నానికల్లా అంచుల్లో నోళ్ళు తెరిచి, గోరు పెడితే పొరలు పొరలుగా వచ్చేసింది. రెండోది రంగు దిగింది తప్ప అంచు కదల్లేదు. ఆ రెండో షాపులోనే కొన్నాను.

ఎనిమిది బై నాలుగు పలక ఒక్కటి చాలు. 66 బై 30 అంగుళాల పైభాగం తీశాక, పక్కన 66 బై 18 ముక్క మిగులుతుంది. దాన్ని మూడు పట్టీలుగా నిలువునా కోయించి ముందు అంచుకి ఒకటి, వెనక అంచుకి ఒకటి, మధ్యలో ఒకటి కింద వైపు అతికించండి. నీటికి తట్టుకునే రకం ఫెవికాల్ రాసి, స్క్రూలు కొట్టి, రాత్రంతా పైన బియ్యం బస్తాలు పేర్చి ఉంచాలి. అతికించిన చోట మందం 36 మి.మీ. అవుతుంది. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం ఎనిమిది రెట్లవుతుంది, కానీ రెండు పొరలూ ఖాళీ లేకుండా అతుక్కుంటేనే. ఆర్మ్ కొనేముందు దాని క్లాంపు ఎంత మందం వరకు పడుతుందో పెట్టె మీద చూసుకోండి. మిగిలిన 30 బై 48 ముక్కలో సి.పి.యు. అరకీ, వైర్ల తొట్టికీ సరిపోతుంది.

కాళ్ళకీ అడ్డపట్టీలకీ మన ప్రాంతంలో దొరికే మంచి సరుకు ఒకటుంది. పాత మండువా ఇళ్ళు విప్పేటప్పుడు వచ్చే టేకు. వెనకటి రోజుల్లో బర్మా టేకు ఓడల మీద వచ్చేది, మన్యం టేకు గోదావరిలో తెప్పలు కట్టి రాజమండ్రికి దింపేవారు. ఆ దూలాలు, వాసాలు, ద్వారబంధాలు ఇప్పుడు విప్పుడు సామాన్ల కొట్లలో దొరుకుతున్నాయి. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న కర్ర కాబట్టి అంత తేలిగ్గా వంకర తిరగదు. కొత్త టేకు పచ్చి తీరకుండా అమ్మేస్తుంటారు, రోహిణి కార్తె వచ్చేసరికి అది బీటలిస్తుంది.

పాత కర్రతో ఒకటే తంటా, మేకులు. తల విరిగిపోయిన మేకు పైకి కనబడదు, రంపం బ్లేడుకి తగిలితే పళ్ళు పోతాయి. అందుకే కోత మిషను వాళ్ళు ఊరికే ముట్టుకోరు. నేను పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, దూలానికి నాలుగు వైపులా జానెడు జానెడు జరుపుతూ పోయాను. మేకు ఉన్న చోట దారం పక్కకి లాగుతుంది. అక్కడ గోకితే చిన్న నల్లటి మరక, మరక మధ్యలో తుప్పు చుక్క. సుద్దతో గుర్తు పెట్టి ఇస్తే మేస్త్రి గారు ఉలితో చుట్టూ తవ్వి పీకేశారు. లోతుగా ఉన్నవాటికి అయస్కాంతం అందకపోవచ్చు, కాబట్టి కోసేవాళ్ళకి పాత కర్ర అని ముందే చెప్పండి. కొబ్బరి కర్ర చవగ్గా వస్తుంది కదా అని కొందరంటారు. ముదురు చెట్టు పైచుట్టు గట్టిదే, లోపలంతా మెత్తన. స్క్రూ పట్టు నిలవదు.

మళ్ళీ వెనక వైపుకి వద్దాం. మేస్త్రులు బలం కోసం వెనక కాళ్ళ మధ్య అడ్డపట్టీని అంచుకి సమంగా బిగిస్తారు. అలా బిగిస్తే క్లాంపు పట్టడానికి చోటుండదు. మా మేస్త్రి గారికి నాలుగంగుళాలు లోపలికి బిగించమంటే, ‘అంచుకి కొడితేనే కదండీ బలం, లోపలికెందుకండీ?’ అన్నారు. ఆర్మ్ క్లాంపు తెచ్చి చేతికిచ్చాను. పలక ముక్కకి బిగించి, తిప్పి, కింద ఎంత చోటు కావాలో వేళ్ళతో కొలుచుకున్నారు. ‘ఆయ్, అయితే పట్టీ లోపలికే పోనిద్దామండి, కానీ వెడల్పు పెంచి నిలువుగా పెడదాం’ అన్నారు. మంచి మాట. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పట్టీని పడుకోబెట్టిన దానికన్నా నిలబెడితే కిందకి వంగకుండా తొమ్మిది రెట్లు ఎక్కువ గట్టిగా ఉంటుంది. వెనక వైపు ఎనిమిది పది అంగుళాల వెడల్పు పలకే నిలువుగా వేయిస్తే బల్ల పక్కలకి ఊగడం కూడా ఆగుతుంది. టైపు చేస్తుంటే తెరలు వణకడానికి చాలాసార్లు ఈ ఊగుడే కారణం, మనం ఆర్మ్‌ని తిట్టుకుంటాం.

ముందు వైపు అడ్డపట్టీ వద్దు, తొడలకి తగులుతుంది. పట్టీలకి బెజ్జం కొట్టి కుసి దింపించండి (కాలికి తవ్విన రంధ్రంలో పట్టీ కొన దూరి బిగిసేలా), కాళ్ళకి పైపలకని మాత్రం బోల్టులతో బిగించమనండి. రేపు హైదరాబాదు తిరిగి వెళ్ళాల్సి వస్తే విప్పి తీసుకుపోవచ్చు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. సముద్రం దగ్గర ఊళ్ళలో మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టి కర్రని కూడా తినేస్తుంది.

బల్లని గోడకి ఐదంగుళాలు ఎడంగా వేయండి. ఆర్మ్ మోచేయి వెనక్కి వెళ్ళడానికి చోటు కావాలి, గోడ చెమ్మ కర్రకి తగలకూడదు, గాలి ఆడాలి. కాళ్ళ కింద గ్రానైటు ముక్కలో, దళసరి రబ్బరు బుష్‌లో వేస్తే తడిగుడ్డ పెట్టినప్పుడు నీరు పీల్చదు. చెద ఎక్కుతుంటే కూడా ముందే కంటపడుతుంది. సి.పి.యు., యు.పి.ఎస్. నేల మీద అసలు పెట్టకండి. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి మీకు తెలియంది కాదు. అంత దూరం పోకపోయినా గట్టి వానకి గడప దాటి నీళ్ళొచ్చే ఇళ్ళు మన దగ్గర బోలెడు. కాళ్ళ మధ్య అడుగు ఎత్తున అర కట్టించండి. ప్లగ్గుల పెట్టెని బల్ల అడుగున స్క్రూలతో బిగించి, అక్కడి నుంచి గోడకి ఒక్క వైరే వెళ్ళేలా చూడండి. మిగతావన్నీ వైర్ల తొట్టిలో ఉండాలి, దానికి మూత కూడా ఉండాలి. కోతల సీజనులో పొలం ఎలుకలు ఇళ్ళలో చేరితే ముందు కొరికేది వైర్లనే.

మైకా పైనే కాదు, పలక అడుగున కూడా వేయించండి. ఒక వైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చుకుని పలక వంపు తిరుగుతుంది. చూడని వైపుకి డబ్బు దండగ అనిపిస్తుంది గానీ మన వాతావరణంలో అది తప్పదు. రంగు మ్యాట్ తీసుకోండి, మెరిసే రకం మీద ట్యూబులైటు కళ్ళలో కొడుతుంది. ముందు అంచుకి టేకు బీడింగ్ వేయించి మణికట్టు ఆనే చోట గుండ్రంగా చిత్రిక పట్టించండి. కాళ్ళకి పాలిష్ మాత్రం సంక్రాంతి దాటాక, వేసవిలోపు పెట్టుకోండి. ముసురులో వేస్తే గాలిలో తేమ చిక్కుకుని పాలిష్ మీద తెల్లటి పొర తేలుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు తూర్పు ముఖంగా కూర్చోమంటే కూర్చోండి, కిటికీ పక్కకి వచ్చేలా చూసుకుంటే చాలు. కిటికీ వెనక ఉంటే తెర మీద దాని ప్రతిబింబం, ఎదురుగా ఉంటే కళ్ళకి శ్రమ.

గాజు వద్దు. క్లాంపు బిగిస్తే పగిలే ప్రమాదముంది, మామూలు మౌసు నున్నటి గాజు మీద సరిగ్గా నడవదు, చెమట చేతులకి అంటుకుంటుంది. దాని బదులు పెద్ద మౌసు ప్యాడ్ వేసుకోండి. ఆ డబ్బుతో క్లాంపు పైనా కిందా వేయడానికి నాలుగు బై ఎనిమిది అంగుళాల ఇనుప రేకు ముక్కలు రెండు, గేట్లు చేసే వెల్డింగ్ షాపులో కోయించి రంగు వేయించండి. బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది.

మీ గది పొడవు వెడల్పులు, తలుపు వెడల్పు, ప్లగ్గు ఏ గోడకి ఉందో రాస్తే ప్లై పలక ఎలా కోయించాలో బొమ్మ గీసి పెడతాను.