జావ చిక్కగా, టానిక్ ఎడంగా

ప్రశ్న: మా మనవడికి ఆరేండ్లు, 15 కిలోలున్నడు. వరంగల్ ఎంజీఎం ఏఆర్‌టీ సెంటర్‌ల ఇచ్చిన హెచ్‌ఐవీ మాత్రలు ఏడాదిగా వేస్తున్నం. రెండు నెలల సంది బరువు పెరుగుతలేడు. నోట్లె పుండ్లని అన్నం ముట్టడు, జావ మాత్రం తాగుతడు. రక్తం పడుతదని ఐరన్ టానిక్ కొని, పొద్దుగాల పరగడుపునే మాత్రలతో పాటు పోస్తున్న. మంచిదేనా?
– ఒక అమ్మమ్మ, పరకాల

జవాబు: అమ్మా, ముందు టానిక్ సంగతి. పిల్లలకు ఇప్పుడు ఇస్తున్న మందుల్లో సాధారణంగా డోల్యుటెగ్రవిర్ ఉంటుంది. పరగడుపున ఐరన్ గానీ కాల్షియం గానీ తోడైతే అవి కడుపులోనే దాన్ని పట్టుకుంటాయి, మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. మాత్ర వేశాక 2 గంటలు ఆగి టానిక్ పోయండి. టానిక్ ముందే పడితే మాత్రకు 6 గంటలు ఆగాలి. అన్నం తింటూ అయితే రెండూ ఒకేసారి ఇవ్వొచ్చు. గ్యాస్ సిరప్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు, అన్నంతో ఇచ్చినా ఎడం ఉండాల్సిందే. అసలు హిమోగ్లోబిన్ చూపించకుండా టానిక్ మొదలుపెట్టకండి.

నోట్లో పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని ఉంటే అది ఫంగస్ కావచ్చు. కారం మానేస్తే పోదు, మందు వాడాలి. ఏడాదిగా మాత్రలు వేసుకుంటున్న బాబుకు అది వచ్చిందంటే మందు సరిగా పని చేయడం లేదేమో చూడాలి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష అడగండి. దగ్గు, జ్వరం లేకపోయినా బరువు పెరగకపోవడం ఒక్కటే చాలు, టీబీ పరీక్ష కూడా చేయించాలి.

ఇక జావ. పల్చటి జావతో కడుపు నిండుతుంది, బలం అందదు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తోటి పిల్లలకంటే 10 శాతం ఎక్కువ శక్తి కావాలి. బరువు సరిగా పెరగకపోతే 20 నుంచి 30 శాతం దాకా. 30 గ్రాముల రాగి పిండిని చిక్కగా కాచి, 100 మిల్లీలీటర్ల కాచిన పాలు, 10 గ్రాముల బెల్లం, వేయించి మెత్తగా దంచిన పల్లీల పొడి 15 గ్రాములు, చెంచా నెయ్యి కలపండి. 300 కేలరీలకు పైనే వస్తాయి. పల్లీ రవ్వగా ఉంటే పుండ్లకు గుచ్చుకుంటుంది, బూజు పట్టిన గింజ కాలేయానికి చేటు; ఏరి పారేయండి. గోరువెచ్చగానే పట్టండి, వేడి జావకు పిల్లాడు నోరు తెరవడు. ఉడికిన గుడ్డు మెదిపి పప్పన్నంలో కలిపి, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. పచ్చి గుడ్డు వద్దు.

నెలనెలా ఒకే కాటా మీద తూయించండి, మాత్రల మోతాదు బరువును బట్టే మారుతుంది. పాదాలు వాచినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా, మత్తుగా పడుకున్నా నెల తేదీ దాకా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.