పాత ట్రయంఫ్ బోనవిల్, ఇప్పటి బోనవిల్ ఒకటేనా?

ఈ బ్రిటిష్ మోటార్‌సైకిళ్ల పేరు, రూపు ఒకటే, బండి వేరు. 1959లో ఇంగ్లండ్‌లోని మెరిడెన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి బోనవిల్ టి120, ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ 1937లో తెచ్చిన స్పీడ్ ట్విన్ బండి వంశంలోది. 650 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు (ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి ఇచ్చేవి). గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. అమెరికా నిబంధనల వల్ల 1970ల మధ్యలో అవి అటూ ఇటూ మారాయి. ఆయిల్ కారుతుందన్న చెడ్డపేరు మాత్రం పోలేదు.

1983లో కంపెనీ చేతులెత్తేస్తే ఇళ్ల నిర్మాణ వ్యాపారి జాన్ బ్లూర్ ఆ పేరు కొని ఇంగ్లండ్‌లోనే హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ పెట్టాడు. 2001 మోడల్‌గా బోనవిల్ మళ్లీ వచ్చింది. 2016 టి120 అయితే 1200 సీసీ, లిక్విడ్ కూలింగ్. అయినా గాలితో చల్లబడే పాత ఇంజన్లలా సిలిండర్లకు రెక్కలు ఉంచారు, కార్బురేటర్ల బదులు వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ భాగాలకు పాత అమల్ కంపెనీ కార్బురేటర్ల వేషం వేశారు! రోజూ నడపడానికి నా ఓటు కొత్తదానికే.