ఫెల్ప్స్ మిల్లు: మినసోటాలో నార్వే రైతులు గోధుమలు ఆడించుకున్న చోటు

అమెరికాలో నార్వే నుంచి వలస వచ్చిన రైతుల పల్లెల్లో పిండి మిల్లులు ఎలా నడిచేవి, ఎందుకు మూతపడ్డాయి అని మీరు అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో ఉంటున్నాను. పక్క రాష్ట్రమైన మినసోటాలో, ఆటర్ టెయిల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉన్న ఫెల్ప్స్ మిల్లును నాలుగుసార్లు చూశాను కనుక, దాని గురించే చెబుతాను.

విలియం థామస్ అనే ఆయన ఆటర్ టెయిల్ నదికి ఆనకట్ట కట్టించి, 1889లో ఈ మిల్లును ప్రారంభించారు. అప్పట్లో దాని పేరు మెయిన్ రోలర్ మిల్స్. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, స్థిరపడి సాగుచేసేవారికి 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమి ఇస్తుండడంతో ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడినవారిలో నార్వేవారు చాలామంది.

ఆ పేరులోని ‘రోలర్’ అన్న మాటను గమనించాలి. ఇక్కడ వసంతంలో విత్తే గోధుమకు గింజ గట్టిది, పొట్టు పెళుసు. తిరగలి రాళ్ల మధ్య వేస్తే పొట్టు చితికి, పిండిలో కలిసిపోయి, రంగు చెడేది. రోలర్ మిల్లులో గింజను ఒక్కసారిగా నలపకుండా, జతలుగా అమర్చిన రోలర్ల మధ్య అంచెలంచెలుగా పగలగొట్టి, వచ్చిన రవ్వను జల్లించి, అందులోని పొట్టును గాలితో ఎగరగొట్టి, మళ్లీ రోలర్లకు పంపుతారు. కళ్లంలో తూర్పారబట్టడం చూసినవారికి ఆ రవ్వను శుద్ధిచేసే యంత్రం తేలికగానే అర్థమవుతుంది.

మా పక్కింటి పెద్దావిడ పూర్వీకులు అండర్‌వుడ్ దగ్గర సేద్యం చేసిన నార్వేవారు. వాళ్ల తాతగారు కోతలయ్యాక బండి నిండా గోధుమలు వేసుకొని వెళ్లి, తన వంతు వచ్చేదాకా ఒక రాత్రి మిల్లు దగ్గరే గడిపేవారట. అక్కడ చేరినవారు ఒకరి యాసను బట్టి ఒకరు నార్వేలో ఏ లోయవారో పోల్చుకొనేవారని ఆవిడ చెప్పారు. స్వదేశంలో వారి రొట్టె ఎక్కువగా బార్లీ, ఓట్స్ ధాన్యాల పిండితో చేసినది. తెల్లని గోధుమ పిండి పండుగనాటి వస్తువు. అది ఇక్కడ సొంత పొలం నుంచి ఇంటికి రావడం ఆ తరానికి ఎంత గొప్ప మార్పో, ఈ మాట విన్నాకే నాకు తెలిసింది.

మూతపడడానికి కారణం పిండి నాణ్యత కాదని నా అభిప్రాయం. మినియాపొలిస్‌లోని భారీ మిల్లుల పిండి రైలు మీద ఊరూరి దుకాణాలకు చేరింది. రైతులు క్రమంగా పాడి వైపు మళ్లారు. బండి కట్టుకొని వచ్చి రాత్రంతా కాచుకోవలసిన అవసరం పోయింది. 1939లో మిల్లు ఆగిపోయింది. 1965లో కౌంటీ దాన్ని కొని కాపాడడం వల్లనే లోపలి యంత్రాలు, ధాన్యం జారే చెక్క గొట్టాలు ఈనాటికీ చూడగలుగుతున్నాం. పోయిన వేసవిలో ఆ పెద్దావిడను వెంట తీసుకువెళ్లాను. ఆవిడ యంత్రాల కన్నా ముందు, బళ్లు వచ్చి ఆగిన చోటు ఎక్కడని అడిగారు.