ఆల్బకర్కీలో రూట్ 66 పేరు రెండు వీధులకు ఎందుకుంది?

నమస్కారమండీ. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో ఫోర్త్ స్ట్రీట్‌కూ, దాన్ని అడ్డంగా ఖండించే సెంట్రల్ అవెన్యూకూ కూడా రూట్ 66 (అమెరికాలోని పాత జాతీయ రహదారి) అన్న పేరే కనిపిస్తోందనీ, మ్యాపు తప్పేమోననీ మీరు అడిగారు. మ్యాపు సరైనదే, ఆ కూడలిలో పాత రహదారి తనను తానే దాటుతుంది.

1926లో నంబరు ఇచ్చినప్పుడు ఈ రహదారి నగరానికి తూర్పునున్న శాంటా రోసా ఊరు దాటాక నేరుగా పడమటికి పోకుండా, ఉత్తరాన రాష్ట్ర రాజధాని శాంటా ఫే మీదుగా చుట్టు తిరిగి, ఫోర్త్ స్ట్రీట్ వెంట నగరంలోకి దిగి, దక్షిణాన లాస్ లూనాస్ వైపు సాగేది. ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిన రాష్ట్ర గవర్నరు హానెట్, శాంటా ఫేను తప్పిస్తూ శాంటా రోసా నుంచి ఆల్బకర్కీకి తూర్పునున్న మొరియార్టీకి దాదాపు 70 మైళ్ల దగ్గరి దారిని హడావిడిగా వేయించారు (శాంటా ఫే రాజకీయుల మీద కసితోనే అని చెప్పుకుంటారు). 1937లో రూట్ 66ను ఆ దారికి మళ్లించడంతో, అది తూర్పు నుంచి పడమరకు నగరాన్ని దాటే సెంట్రల్ అవెన్యూ ప్రధానమైంది.

ఒక్క రోజే ఉంటే నేనైతే 1926 నాటి దారినే పట్టుకుంటాను. శాంటా ఫేకు నైరుతిన లా బహాదా కొండ వాలు మీద, 1932 వరకు కార్లు రొప్పుతూ ఎక్కిన మెలికలు నల్లరాళ్ల మధ్య ఇప్పటికీ ఆనవాలు పట్టేలా ఉన్నాయి. అక్కడికి కారు తీసుకెళ్లకండి. కొండ కింది నేల కొచిటీ పుయెబ్లో అనే స్థానిక ఆదివాసీ సమాజం వారిది కనుక ముందుగా అనుమతి విషయం కనుక్కోండి. అంత శ్రమ వద్దనుకుంటే, నగరానికి పడమర ఐ-40 హైవే పక్కనే రియో ప్వెర్కో నది మీద 1933 నాటి ఉక్కు వంతెన ఉంది, దాన్ని చూడండి.