డగౌట్‌లో మా వాడి గొంతే ఎక్కువ

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా వారు మిర్చి మార్కెట్‌లో పనిచేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా బాబుకు పన్నెండేళ్లు. స్కూలు బేస్‌బాల్ జట్టులో ఉన్నాడు గానీ బ్యాటింగ్ ఎప్పుడో గాని రాదు, ఎక్కువసేపు డగౌట్‌లోనే, అంటే ఆటగాళ్లు కూర్చునే చోటే. అక్కడ అరవడంలో మాత్రం వాడే ముందు. మొన్న అవతలి జట్టు పిచర్‌ను (బంతి విసిరేవాణ్ణి) తెలుగులో "ఏంరా, చెయ్యి వణుకుతుందా? మీ అమ్మను పిలువు" అని ఒకటే ఏడిపించాడు. మిగతా పిల్లలు అర్థం కాకపోయినా వంతపాడారు. తీరా చూస్తే ఆ పిల్లాడిదీ తెలుగు ఇల్లే. బంతులు అటూ ఇటూ వేసి, ఏడుస్తూ దిగిపోయాడు. సార్ మా వాణ్ణి రెండు మ్యాచ్‌లు ఆడనివ్వనన్నారు. మా వారేమో "ఆటన్నాక ఇవన్నీ మామూలే, హెడ్ సార్ దగ్గరే తేల్చుకుంటా" అంటున్నారు. ఆట మాన్పించేయమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. శిక్ష తగ్గించమని కూడా అడగకండి. రెండు మ్యాచ్‌లు ఎక్కువేమీ కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది. బ్యాటింగ్ ఎప్పుడో గాని రాదు, ఎక్కువసేపు డగౌట్‌లోనే అన్నారు. ఆ వయసు పిల్లాడికి జట్టులో తనకంటూ ఒక పని ఉండాలి. మీ వాడికి దొరికిన పని అరుపు. తను తెలుగులో ఒక మాట అనగానే మరాఠీ మాట్లాడే పిల్లలంతా అందుకున్నారంటే, ఆ కాసేపూ వాడే నాయకుడు. తప్పు తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ నోరు మూసుకుని కూర్చోమంటే వాడికున్న ఆ ఒక్క పనీ పోతుంది. గొంతు అలాగే ఉండనివ్వండి, దాన్ని మన బ్యాటర్ వైపు తిప్పండి.

ఆ పిల్లాడికి మైదానంలో ఏం జరిగిందో ముందు మీ వాడికి తెలియాలి. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమాల్లో ఈ ఈడు పిల్లలకు పిచర్‌కూ, బ్యాటర్ పక్కన నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 46 అడుగులు. ప్రతి బంతికీ అందరి కళ్లూ పిచర్ మీదే. విసిరేటప్పుడు అతని చూపు, బ్యాటర్ వెనక బంతి పట్టుకునే క్యాచర్ గ్లౌజు మీద నిలవాలి. "చెయ్యి వణుకుతుందా" అనగానే ధ్యాస గ్లౌజును వదిలి సొంత చేతి మీదికి వస్తుంది. వేళ్లు బిగుసుకుంటాయి, బంతిని వదలాల్సిన క్షణం తప్పుతుంది, బంతి నేలకు కొట్టుకుంటుంది. అలా గురి తప్పిన బంతిని "బాల్" అంటారు. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు, అంటే పరుగులో మొదటి మజిలీకి వెళ్తాడు. మీ వాడికి అది తన గెలుపులా అనిపించి ఉంటుంది.

నష్టం మాత్రం వాడికి కనిపించలేదు. మొదటి బేస్ దగ్గరా మూడో బేస్ దగ్గరా నిలబడే కోచ్‌లు "వెనక్కి!", "పరుగెత్తు!" అని రన్నర్‌కు చెప్పాలి. డగౌట్ ఒకటే గోల చేస్తుంటే ఆ మాట రన్నర్ చెవిన పడదు, అవుటైపోతాడు. పైగా అవతలివాణ్ణి చూసి ఎగతాళి చేసేవాడు బంతిని చూడడు. డగౌట్‌లోకి ఫౌల్ బంతి (బ్యాట్‌కు తగిలి గీత బయటికి పోయేది) దూసుకొస్తే ముందు తగిలేది వాడికే. బేస్‌బాల్ బంతి దాదాపు 145 గ్రాములుంటుంది, గట్టిది.

మీ వారి మాటకూ జవాబు చెప్పాలి. మామూలే అంటున్నారు గానీ, ఆట నియమాలే దాన్ని ఒప్పుకోవు. ప్రత్యర్థి ఆటగాళ్లను గానీ అంపైర్‌ను గానీ డగౌట్‌లోంచి మాటలనకూడదని బేస్‌బాల్ అధికారిక నియమాల్లోనే ఉంది. పెద్దవాళ్ల ఆటలో ఇలాంటివి జరగలేదా అంటే జరిగాయి. 1947 ఏప్రిల్‌లో అమెరికాలో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను ఫిలడెల్ఫియా డగౌట్‌లోంచి ఆ జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, ఆటగాళ్లు జాతి పేరుతో తిట్టిపోశారు. దాంతో అప్పటిదాకా రాబిన్సన్‌తో అంటీముట్టనట్టున్న సొంత జట్టువాళ్లు కూడా అతని పక్కన నిలబడ్డారు. ఆ తిట్లు బేస్‌బాల్‌కు ఇప్పటికీ మచ్చే. మీ వాడు చేసింది అంత పెద్దది కాదు, కానీ దారి అదే.

ఇక డగౌట్‌లో ఎలా అరవాలి? మొదట నేర్చుకోవాల్సింది ఎప్పుడు ఆపాలో. పిచర్ దిబ్బ మీది రబ్బరు పలకపై కాలు పెట్టి కుదురుకున్నాక గొంతు ఆగిపోవాలి. బంతి క్యాచర్ చేతిలో పడ్డాక మళ్లీ మొదలు. పిలిచే పేరు ఎప్పుడూ మన బ్యాటర్‌దే. బయటికి పోయే బంతిని వదిలేస్తే "బాగా చూశావ్!", ఫౌల్ కొడితే "తగులుతోంది, ఇంకొక్కటి!", మూడు స్ట్రైకులతో అవుటై వస్తే హెల్మెట్ అందుకుని "పోనీలేరా, మళ్లీ వస్తుంది". అవతలి ఫీల్డర్ బంతి జారవిడిస్తే చప్పట్లు కొట్టొద్దు, పరుగెత్తిన మనవాణ్ణి పేరు పెట్టి మెచ్చుకుంటే చాలు. గాల్లోకి లేచిన బంతి కింద ఇద్దరు ఫీల్డర్లు వస్తున్నప్పుడు డగౌట్‌లోంచి "నాది, నాది!" అని అరవడం అన్నిటికంటే ప్రమాదం. ఇద్దరూ ఢీకొంటే పళ్లు రాలతాయి. అవతలివాడికి దెబ్బ తగిలితే గోల ఆపి కూర్చోవాలి, లేచి నిలబడ్డాక చప్పట్లు కొట్టాలి. ఇవన్నీ తెలుగులో అనమనండి, అభ్యంతరం లేదు. మరాఠీ పిల్లలు "బాగా చూశావ్"ను కూడా అంతే హుషారుగా అందుకుంటారు.

మీ వారు మ్యాచ్ చూడటానికి వెళ్తే ఎక్కడ నిలబడతారు, ఏమంటారు? రాయలేదు గాని, అది చూసుకోండి. హోమ్ ప్లేట్ వెనక వల దగ్గర నిలబడి "వాడికి బంతి వెయ్యడం కూడా రాదు" అని తండ్రి అంటే, కొడుకు డగౌట్‌లో అనేదీ అదే. ఈసారి అవుట్‌ఫీల్డ్ అంచున నిలబడమనండి. మాట్లాడాలంటే హెడ్ సార్ దగ్గరికి కాదు, ఆట లేని రోజు పీటీ సార్ దగ్గరికి వెళ్లి "మా వాడికి బ్యాటింగ్ ఎందుకు రావట్లేదు, ఏం సాధన చేయాలి?" అని అడగమనండి. ఇంటికొచ్చే దారిలో ఆట ఊసు వద్దు. ఆకలేస్తుందా అని అడిగితే చాలు.

క్షమాపణ మీరు రాసిచ్చి చదివించవద్దు. సార్‌తో చెప్పి ఆ జట్టు ఎదురుపడే రోజు ఆటకు ముందే, పదిమందిలో కాకుండా, ఆ పిల్లాడి ముందు నిలబడి తెలుగులోనే చెప్పమనండి: "నేనన్న మాట తప్పు. నీకు అర్థం కాదనుకున్నాను. ఇంకెప్పుడూ అనను." ఆ రెండో మాట చెప్పడం వాడికి కష్టంగా ఉంటుంది, కానీ నిజం అదే గనక అదే చెప్పాలి. "కానీ" అంటూ ఏమీ కలపొద్దు. ఆ అబ్బాయి చెయ్యి కలపకపోతే ఊరుకుని వచ్చేయాలి.

ఆ రెండు మ్యాచ్‌లకూ బాబును ఇంట్లో ఉంచకండి. సార్ ఒప్పుకుంటే యూనిఫాం వేసుకుని డగౌట్‌లోనే కూర్చోవాలి, చేతిలో పని ఉండాలి. మన పిచర్ ఎన్ని బంతులు వేశాడో లెక్కపెట్టే పని వాడికి ఇవ్వమనండి. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే పరిమితి, భుజం, మోచేయి దెబ్బతినకుండా. లెక్క తప్పితే పిల్లాడి చెయ్యి పాడవుతుంది కాబట్టి అది ఉత్తుత్తి పని కాదు. జపం లెక్కకు వేలికి పెట్టుకునే కౌంటర్ పూజా సామాను దుకాణంలో దొరుకుతుంది, అది చాలు. 70 దాటగానే సార్ పక్కకు వెళ్లి అంకె చెప్పాలి.